ఒక పాత పాత్ర, గుర్రంతో సహా

మాల్‌ఖానాలో చేరిన మొదటి రోజున, అప్పటికి రిటైరవబోతున్న పాత నాజిరు నాకొక మాట చెప్పాడు. "వస్తువును చూసి రిజిస్టరు రాయి. రిజిస్టరును చూసి వస్తువు ఇదేనని నమ్మకు." నేను తల ఊపాను. ఆ ఉద్యోగం ఇరవై తొమ్మిదేళ్లు చేశాను. ఆ మాట అర్థం కావడానికి ఇరవై ఎనిమిదిన్నరేళ్లు పట్టింది. ఇప్పుడు ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు నాకంటే చురుకైనవాళ్లు. వాళ్లకు ఇంకాస్త ముందుగా అర్థమవుతుందేమోనని ఇది రాస్తున్నాను.

మాల్‌ఖానా అంటే కేసుల్లో పట్టుబడ్డ వస్తువులను తీర్పు వచ్చేదాకా దాచే గది. దాని తాళంచెవి నాజిరు దగ్గర, అంటే ఆ సామాను లెక్క చూసే గుమాస్తా దగ్గర ఉంటుంది. మాది దక్షిణ బస్తర్‌లో ఒక చిన్న పట్టణంలోని చిన్న కోర్టు. ముందు జడ్జి గారి గది, మధ్యలో హాలు, వెనక నా గది, దాని వెనక మాల్‌ఖానా. అందులో గొడ్డళ్లు, సైకిళ్లు, సారా కాచిన కుండలు, ఒక హార్మోనియం ఉండేవి. హార్మోనియం ఏ కేసులో వచ్చిందో ఎవరికీ తెలియదు. నేను చేరేనాటికే ఉంది, నేను వచ్చేసేనాటికీ ఉంది.

నాకు తోడు ఒక చప్రాసీ ఉండేవాడు. నాకంటే కొద్ది నెలలు పెద్దవాడు, హల్బీ మాట్లాడే మనిషి, తక్కువ మాట్లాడేవాడు. నేను కుంట అనే ఊరి దగ్గర తెలుగు ఇంట్లో పుట్టినవాణ్ణి. మా ఇద్దరి మధ్యా నడిచే భాష హిందీ. ఆయన హిందీ నా హిందీకంటే బాగుండేది. కానీ నేను గుమాస్తాను కాబట్టి, ఆ సంగతి మేమిద్దరం ఎప్పుడూ ప్రస్తావించుకోలేదు.

ఒక వేసవి మధ్యాహ్నం కానిస్టేబులొకడు కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. "ఒక పాత పాత్ర, గుర్రంతో సహా. బస్సు తనిఖీలో ఒక స్త్రీ వద్ద దొరికినది. దొంగసొత్తని అనుమానం," అని హిందీలో రాసి ఉంది.

నేను కాగితం చదివి, కిటికీలోంచి బయటికి చూశాను. గుర్రం కనబడలేదు.

"గుర్రం ఏదీ?" అన్నాను.

"లోపల ఉంది."

"కోర్టు లోపలికి గుర్రాన్ని ఎవరు రానిచ్చారు?"

కానిస్టేబులు గోనెసంచి విప్పాడు. అందులోంచి నల్లగా మసిపట్టిన పాత్ర ఒకటి తీశాడు. మోచేయంత ఎత్తు, రెండు పక్కలా వంపు తిరిగిన చెవులు. తర్వాత పాతగుడ్డలో చుట్టిన మరో ముక్క తీశాడు. అదీ నల్లగానే ఉంది. చూడగా చూడగా అది పరిగెత్తుతున్న గుర్రం బొమ్మ అని తెలిసింది. కింద గుండ్రటి దిమ్మె ఉంది. అది పాత్ర మూత అనీ, దిమ్మె పాత్ర అంచు మీద సరిగ్గా కూర్చుంటుందనీ నాకు తట్టలేదు. పెట్టి చూస్తే తెలిసేది. ఎండ దంచుతోంది, భోజనం వేళ అవుతోంది.

పాత్రను, అన్నం వండే గంజు అనుకుని, "నల్ల గంజు, అల్యూమినియం, పాతది" అని రాశాను. గుర్రాన్ని "బొమ్మ, ఒకటి" అని విడిగా ఇంకో నంబరు వేసి, మరేదో కేసులో వచ్చిన ప్లాస్టిక్ బొమ్మల పక్కన సర్దించాను.

చప్రాసీ గంజును రెండు చేతులతో ఎత్తి అన్నాడు. "బాబూ, అల్యూమినియం ఇంత బరువుంటుందా?"

"మసి బరువు," అన్నాను.

ఆయన గంజును మాల్‌ఖానా మూలలో పెట్టి, తర్వాత రోజుల్లో సీళ్లు వేసే లక్క కడ్డీలు అందులో వేసుకోసాగాడు. కేసు వస్తువులను వాడకూడదని రూలుంది. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. గంజే కదా అనుకున్నాను.

రెండు నెలల తర్వాత ఒక ఆడమనిషి వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. ఎర్రబోరు దగ్గర బస్సెక్కి వచ్చానంది. ఆమె ఊరు రోడ్డు దిగి లోపలికి నడిచిపోవలసిన ఊరు. నాలుగెకరాల వరి, ఎండాకాలం చింతపండు, విప్పపువ్వు. నేను తెలుగువాణ్ణని ఎవరో చెప్పినట్టున్నారు, తిన్నగా నా బల్ల దగ్గరికే వచ్చింది.

"సారూ, మా వెండి గిన్నె మీ కాడ ఉన్నదంట."

నేను రిజిస్టరు తెరిచి వెండి అన్న మాట కోసం వేలితో వరసగా వెతికాను. "వెండి వస్తువేదీ రాలేదమ్మా."

"ఎందుకు రాలే? బస్సుల నా ఒళ్లోనుంచే గుంజుకున్నరు. దాని మీద గుర్రం ఉంటది."

గుర్రం కోసం కూడా వెతికాను. బొమ్మ ఉంది, గుర్రం లేదు. "గుర్రాలు కూడా ఏమీ లేవు," అన్నాను.

ఆమె వెళ్లిపోయింది. వానలు పోయాక మళ్లీ వచ్చింది. ఈసారి పోలీసులిచ్చిన చీటీ తెచ్చింది. దాని మీద నంబరుంది. నంబరు చూసి నేను సంతోషించాను, ఎందుకంటే నంబరుంటే నా పని సులువు.

"ఈ నంబరు మీద గంజు ఉంది. గంజు కావాలా?"

"గంజు నాకేంది సారూ? గంజులు మా ఇంట్ల ఉన్నయి. నాది వెండిది."

"వెండిది కావాలంటే వెండి దాని నంబరు తేవాలి."

ఆమె చీటీని బల్ల మీద నుంచి తీయలేదు. "పోనీ, గా గంజునే ఒక్కపాలి చూపియ్యి."

"చూడాలంటే అర్జీ పెట్టాలి. జడ్జి గారు సెలవులో ఉన్నారు."

అది నిజమే. ఆ రోజు నేను చెప్పినవన్నీ నిజాలే. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, "మా చెల్లె బిడ్డ పెండ్లి గా గిన్నె లేకుండనే అయిపోయింది," అని, బస్సుకు వెళ్లిపోయింది. నేను రిజిస్టరు మూసి క్యారియర్ తెరిచాను. అప్పుడు తిన్నది ఏ కూరో గుర్తులేదు గానీ బాగా తిన్నానని గుర్తుంది.

ఆ తర్వాత రెండో ఏడు కొత్త జడ్జి వచ్చారు. రాయ్‌పూర్ వైపు అమ్మాయి. మా పెద్దమ్మాయి వయసుంటుంది. వచ్చిన వారానికే మాల్‌ఖానా చూస్తానన్నారు. నా సర్వీసులో అంతకుముందు ఏడుగురు జడ్జిలను చూశాను. మాల్‌ఖానా చూస్తానన్నవారు లేరు. వాళ్లు రిజిస్టరు చూసేవారు. రిజిస్టరు అందంగా ఉండేది.

ఆవిడ ఒక్కో వస్తువూ చూస్తూ వచ్చి లక్క కడ్డీల ముందు ఆగారు. "ఇదేమిటి?"

"గంజు, మేడం."

"గంజు మీద ఇంగ్లీషులో రాసి ఉంటుందా?"

ఎక్కడ రాసి ఉందని నేను వంగి చూశాను. లక్క కడ్డీల రాపిడికి ఒకచోట మసి పోయి రెండు మూడు అక్షరాలు మెరుస్తున్నాయి.  చప్రాసీ పాత్ర ఖాళీ చేసి, నూతి గట్టుకు తీసుకుపోయాడు. చింతపండుకు మా ప్రాంతంలో కొదవ లేదు. ఒక ముద్ద నీళ్లలో పిసికి, పాత్రకు పట్టించి, మెత్తటి గుడ్డతో మెల్లగా రుద్దసాగాడు. నేనూ జడ్జి గారూ నిలబడి చూశాం. నల్లటి నీళ్లు కారాయి. వాటి వెనక తెల్లగా వెండి తేలింది. తర్వాత ఆయన అడక్కుండానే లోపలికి వెళ్లి, బొమ్మల అర లోంచి గుర్రాన్ని తెచ్చి, పాత్ర మీద పెట్టాడు. అది టక్కున కూర్చుంది.

"ఘోడా ఆ గయా, బాబూ," అన్నాడు. గుర్రం వచ్చేసిందని.

జడ్జి గారు నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఆయన ఎప్పుడూ నవ్వడు.

అది గుర్రపు పందెం కప్పు. పాత్ర చుట్టూ ఇంగ్లీషులో వరసలు వరసలుగా చెక్కి ఉంది. ప్రతి వరసలో ఒక సంవత్సరం, గెలిచిన గుర్రం పేరు, స్వారీ చేసిన అధికారి పేరు. పైన గుర్రాల మీద యుద్ధం చేసే దండు, అంటే ఒక ఆశ్విక దళం గుర్తు. అన్నీ ఇంగ్లీషు దొరల పేర్లు. కింద చివరి మూడు వరసల్లో మాత్రం సంవత్సరం ఉంది, గుర్రం పేరుంది, స్వారీ చేసినవాడి పేరు ఉండాల్సిన చోట ఖాళీ. మూడింటిలోనూ గుర్రం ఒక్కటే.

జడ్జి గారు రెండు పనులు చెప్పారు. ఒకటి, పేపర్లో ప్రకటన వేయించడం. రెండు, వస్తువు ఎవరి దగ్గర దొరికిందో ఆమెకు కబురు పంపడం. కబురు నేనే తీసుకుపోతానన్నాను. అది నా పని కాదు. ఆవిడ నన్నొకసారి చూసి, సరేనన్నారు.

ఎర్రబోరు దగ్గర బస్సు దిగి, దారి అడుగుతూ నడిచాను. ఆమె ఇంటి ముందు నీడలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను గుర్తుపట్టింది. కూర్చోమంది, చెంబుతో నీళ్లిచ్చింది. తన పని ఆపలేదు.

"మీ గిన్నె దొరికిందమ్మా," అన్నాను.

"యాడ?"

"మా కోర్టులోనే. మీరు వచ్చి నిలబడ్డ చోటికి పదడుగుల దూరంలో."

"పదడుగులు," అంది. ఒక కాయ విరిచి గింజ తీసింది. ఇంకోటి విరిచింది. నన్నేమన్నా అంటుందని చూశాను. తిట్టి ఉంటే నాకు బాగుండేది.

గింజలు తీస్తూనే తనే చెప్పింది. కప్పు ఆమె తాతది. తాత గోదావరి అవతల దుమ్ముగూడెం వైపు మనిషి. కుర్రతనంలో సికింద్రాబాదు దండులో గుర్రాలకు గడ్డి కోసే పనికి పోయి, తర్వాత గుర్రాలు సాకే సైసు అయ్యాడు. దండులో గుర్రాలు తీసేశాక కప్పు పట్టుకుని వచ్చి, ఈ ఊరి పిల్లను చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. ఇంట్లో పెళ్లి అయితే తలంబ్రాల బియ్యం అందులోనే పోస్తారు. మిగతా రోజుల్లో పొయ్యి పైన అటక మీద, పొగలో ఉంచుతారు. నల్లగా ఉంటే ఎవరి కన్నూ పడదని. ఆ ఉపాయం బాగా పనిచేసింది. నా కన్ను కూడా పడలేదు.

"మీ తాతకు కప్పు ఎలా వచ్చింది?"

"పందెం కొట్టిండు. ఎట్ల వస్తది మరి?"

 కప్పు మీద ఉన్నవన్నీ దొరల పేర్లే. సైసు పందెం గెలిచాడంటే మనవరాలు నమ్ముతుంది, కోర్టు నమ్మాలి కదా. పేషీ తారీఖు చెప్పి, రమ్మని, బయలుదేరాను.

ఈలోగా పేపర్లో పడ్డ కప్పు ఫోటో ఫోన్లలో పడి ఊళ్లు తిరిగింది. పేషీకి పది రోజుల ముందు, ఉత్తరాది నుంచి ఒక రిటైర్డ్ కల్నల్ అర్జీ పంపాడు. కప్పు తమ దళానిదనీ, ఎనభై ఏళ్ల నుంచీ వెతుకుతున్నామనీ, తానే స్వయంగా వస్తున్నాననీ. అన్నట్టే వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, కర్రలా నిటారుగా ఉన్నాడు. ఒక చేతిలో పాత తోలు అట్ట పుస్తకం, ఇంకో చేతిలో చెక్కపెట్టె. పెట్టె లోపల నీలం మఖమల్ పరిచి, మధ్యలో కప్పు ఆకారంలో గుంట చేయించాడు. కప్పు తీసుకుపోవడం ఖాయమనుకున్నవాడు చేయించే పెట్టె అది.

మర్యాదస్తుడు. హాల్లో ఆ ఆడమనిషి నిలబడి ఉంటే తన కుర్చీ ఆమెకిచ్చి తాను బెంచీ మీద కూర్చున్నాడు. ఆమె కుర్చీలో కూర్చోలేదు. కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది.

జడ్జి గారికి తెలుగు రాదు. ఆమెకు హిందీ సంతకు సరిపడా వచ్చు, కోర్టుకు సరిపడా రాదు. దుబాసీ కావాలి. ఆ హాల్లో తెలుగు తెలిసింది మా ఇద్దరికే. నన్ను నిలబెట్టి, విన్నది విన్నట్టు చెబుతాననీ, ఒక్క మాట కలపననీ, ఒక్క మాట వదలననీ ప్రమాణం చేయించారు. ఇరవై తొమ్మిదేళ్లలో ఎంతమంది చేతనో ఆ ప్రమాణం చేయించడం చూశాను. నా నోటితో అనడం అదే మొదలు.

ముందు జడ్జి గారు రిజిస్టరు తెరిచారు. "ఈమె దగ్గర తీసుకున్న వస్తువు నంబరు మీద నల్ల గంజు అని ఉంది. కప్పు అని లేదు. మరి ఈ కప్పు ఈమె దగ్గర దొరికిందేనని ఎలా అనుకోవాలి?"

కల్నల్ తల ఎత్తాడు. ఆ ప్రశ్న ఆయనకు తట్టినట్టు లేదు, తట్టాక మాత్రం బాగుందనుకున్నట్టున్నాడు. నేను ప్రశ్నను తెలుగులోకి మార్చాను. ఆమె నా వైపు వేలు చూపిస్తూ చెప్పింది.

"గీ సారునే అడుగుండ్రి. రెండుపాలి వచ్చిన. గుర్రం ఉంటదని చెప్పిన. చీటీ చూపిచ్చిన. గంజు ఉన్నది, గిన్నె లేదన్నడు. గంజునన్న చూపియ్యమంటే అర్జీ పెట్టమన్నడు. కండ్లతోని చూసి రాస్తే గంజు ఎట్ల అయితది? చూడకుంటనే రాసిండు."

 హాలంతా నా వైపు చూసింది.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను వెంటనే నోరు తెరవలేదు. రిటైర్‌మెంటుకు ఆర్నెల్లుంది. నా సర్వీసు పుస్తకంలో ఒక్క మచ్చ లేదు, దానికి ముఖ్య కారణం ఎవరూ చూడకపోవడమే. 'రెండుసార్లు వచ్చానంటోంది, తనదేనంటోంది' అని హిందీలో చెప్పి ఊరుకుంటే ఆ గదిలో తప్పు పట్టగలిగేవాళ్లు లేరు. ఆమెకు కూడా తెలియదు.

"ఏమంది?" అన్నారు జడ్జి గారు.

చెప్పాను. 'ఈ సారు' అన్న చోట 'ఈ సారు' అనే చెప్పాను, 'చూడకుంటనే రాసిండు' దాకా. అయితే నా సంగతి నేనే ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పడం వింతగా ఉంటుంది. గుమాస్తా అర్జీ పెట్టమన్నాడట. గుమాస్తా చూడకుండా రాశాడట. చివర్లో జడ్జి గారు, "ఇది నిజమేనా?" అని నన్నే అడిగారు.

"నిజమే, మేడం. గంజు అన్నది ఈ కప్పే. బొమ్మ అన్నది దాని మూత. రెండూ ఒకే గోనెసంచిలో వచ్చాయి. నేను పెట్టి చూడలేదు."

తలుపు దగ్గర నిలబడ్డ చప్రాసీ గట్టిగా ఊపిరి వదిలాడు. ఆయన అంత చప్పుడు చేయడం అంతకుముందు వినలేదు.

తర్వాత కల్నల్ లేచాడు. దళం అప్పట్లో సికింద్రాబాదు కంటోన్మెంటులో ఉండేదనీ, ఏటా వానలు వెనకబట్టాక మైదానంలో పందెం జరిగేదనీ చెప్పాడు. రెండు చుట్లు తిరగాలి. దారిలో ముళ్లకంచెలు, మట్టిగోడలు, చివర ఒక కాలవ, అన్నీ దూకాలి. మెడలు విరిగినవాళ్లూ ఉన్నారు. గెలిచినవాడి పేరు కప్పు మీద చెక్కి, కప్పును అధికారుల భోజనాల బల్ల మీద పెట్టేవారు. "కప్పు ఎప్పుడూ దళానిదే. పేరు మాత్రమే గెలిచినవాడిది. చివరి మూడేళ్ల పేర్లు చెక్కేవాడు మరిచిపోయి ఉంటాడు. తర్వాత గుర్రాలు పోయి ఇనపబండ్లు వచ్చాయి, ఆ సర్దుళ్లలో ఎవరో ఎత్తుకుపోయారు," అన్నాడు. ఎవరో అన్నప్పుడు ఆమె వైపు చూడలేదు. అదీ ఆయన మర్యాదే.

జడ్జి గారు ఆమెను అడిగారు. "మీ తాత స్వారీ చేసిన గుర్రం పేరేమిటి?"

"కోటమాస్తరు," అంది ఆమె, ఒక్క క్షణం ఆగకుండా. "గా పేరే మా ఎద్దుకు పెడ్తం. మా తాత కాడనుంచి ఇప్పటిదాక, ఎడమపక్క ఎద్దు ఎప్పుడూ కోటమాస్తరే."

కల్నల్‌కు ఆ పేరు అర్థం కాలేదు. జడ్జి గారు కప్పు తిప్పి చివరి వరసలు చదివారు. క్వార్టర్‌మాస్టర్. సైన్యంలో సామాను గది చూసుకునే అధికారిని అలా అంటారని కల్నల్ వివరించాడు. అంటే మాల్‌ఖానా ఉద్యోగమే.

"పేరు కప్పు మీద ఉంది. ఎవరైనా చదివి చెప్పి ఉండవచ్చు," అన్నాడాయన, ఇబ్బంది పడుతూనే.

"ఎడమపక్క ఎద్దుకే ఎందుకు?" అన్నారు జడ్జి గారు.

"గా గుర్రానికి ఎడమ కన్ను లేదు. కంచె కనబడక దొరను పడేసింది, దొర భుజం ఇరిగింది. మా తాత ఎక్కిండు. కంచె వచ్చినప్పుడల్ల దాని చెవుల 'ఎగురు బిడ్డా' అంటే ఎగిరేదంట."

"గుర్రానికి తెలుగు వచ్చేదా?"

"గుర్రానికి వచ్చు. దొరకు రాదు."

దాన్ని కూడా ఉన్నదున్నట్టే హిందీలో చెప్పాను. జడ్జి గారు తల వంచి ఏదో రాసుకున్నారు. చాలాసేపు రాసుకున్నారు.

కల్నల్ తన పుస్తకం తెరిచాడు. దళం గుర్రాల వివరాలు అందులో ఉన్నాయి. ఒక పేజీ దగ్గర ఆగి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చదివాడు. "క్వార్టర్‌మాస్టర్. ఎడమ కన్ను చూపు లేదు. బరువులు మోయడానికి తప్ప పనికిరాదు." ఇది కప్పు మీద లేదు. ఎనభై ఏళ్లుగా ఎవరూ చదవని పేజీలో ఉంది. ఇంకో పేజీ తిప్పాడు. ఆ గుర్రం తాలూకు కెప్టెన్ మొదటి ఏడు పందెం ముందురోజు సాధనలో పడి భుజం విరగ్గొట్టుకున్నాడు. రెండో ఏడు పందెం రోజున కడుపునొప్పి. మూడో ఏడు కారణం కూడా రాయలేదు, 'రాలేడు' అని మాత్రం ఉంది. మూడేళ్లూ గుర్రం పరిగెత్తింది. మూడేళ్లూ గెలిచింది.

"ఆ కెప్టెన్ ఆరోగ్యం సరిగ్గా పందేల నెలలోనే చెడేదన్నమాట," అన్నారు జడ్జి గారు.

"అలాగే కనబడుతోంది," అన్నాడు కల్నల్.

"పందేనికి నియమాలేమైనా ఉన్నాయా? సైసులు స్వారీ చేయకూడదని?"

ఆయన పేజీలు తిప్పి నియమాల దగ్గరికి వచ్చాడు. మొదట మౌనంగా చదువుకున్నాడు. చివరిదాకా చదివి, మళ్లీ మొదటికొచ్చి, ఇంకోసారి చదువుకున్నాడు. పుస్తకం ఆయన చేతిలో ఉంది. ఇంగ్లీషు పాత చేతిరాత, జడ్జి గారి బల్లకు దూరం. పుస్తకం మూసేసి 'అలాంటివేమీ లేవు' అని ఉంటే అడిగేవాళ్లు లేరు. ఆయన ముఖంలో రంగు మారడం నేను చూశాను. నాకు అంతకుముందే ఆ అనుభవమైంది కాబట్టి పోల్చుకోగలిగాను.

అప్పుడు ఆయన నిటారుగా నిలబడి, కవాతులో అరిచినంత స్పష్టంగా చదివాడు. గుర్రమూ స్వారీ చేసేవాడూ దళం పేర్ల పట్టీలో ఉన్నవాళ్లై ఉండాలి. హోదా గురించి ఒక్క మాట లేదు, సైసుల పేర్లూ ఆ పట్టీలోనే ఉన్నాయి. ఆ కింద ఇంకో నియమం. ఎవరైనా స్వారీదారు మూడుసార్లు గెలిస్తే కప్పు అతని సొంతం అవుతుంది, దళానికి దాని మీద ఇక హక్కు ఉండదు.

చదివి, పుస్తకం మూసి, "నా అర్జీ వెనక్కి తీసుకుంటాను," అన్నాడు.

నేను ఆమెకు తెలుగులో చెప్పాను. అంతా విని, "నేను గదే చెప్పిన గదా. పందెం కొట్టిండని," అంది.

మధ్యాహ్నం జడ్జి గారు ఉత్తర్వు ఇచ్చారు. కప్పును మూతతో సహా ఆమెకు ఇవ్వాలి. అదే రోజు ఇంకో ఉత్తర్వు కూడా ఇచ్చారు, వస్తువులను పరీక్షించకుండా నమోదు చేసినందుకు నాజిరుకు హెచ్చరిక, సర్వీసు పుస్తకంలో చేర్చవలెను. మా ఆఫీసులో టైపు చేసేది నేనే కాబట్టి అదీ నేనే టైపు చేశాను. అక్షరదోషాలు లేవు. నా సర్వీసులో నేను చూసి రాసిన మొదటి మాట అదేనేమో.

కప్పు ఇస్తూ వేలిముద్ర తీసుకున్నాను. కల్నల్ తన చెక్కపెట్టె కూడా ఆమెకివ్వబోయాడు. బస్సులో పట్టదని ఆమె వద్దంది. ఆయన పెట్టె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తర్వాత మెల్లగా, ఆమె ఒప్పుకుంటే, ఆ మూడు ఖాళీల్లో తాత పేరు చెక్కిస్తానని అన్నాడు. ఆ ఖాళీలు తమ దళం తప్పనీ, తాను బతికుండగా అవి నిండాలనీ అన్నాడు. నేను చెప్పాను. ఆమె కప్పును చీర చెంగులో చుట్టి, "ఇప్పుడే పోదాం. బస్సుకు ఇంక టైము ఉన్నది," అంది.

బస్టాండు దగ్గర వెండిపని చేసే కంసాలి దుకాణానికి ముగ్గురం వెళ్లాం. ఏ అక్షరాల్లో చెక్కాలన్నది అక్కడ తేలలేదు. మిగతావన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి కాబట్టి ఇంగ్లీషు అన్నాడు కల్నల్. ఆమె మనవలు చదివేది హిందీ బడిలో కాబట్టి హిందీ అన్నాను నేను. ఆమె మా ఇద్దరి మాటా విని, "మా తాతది తెలుగు పేరు. తెలుగుల రాయుండ్రి," అంది. ఆమెకు ఏ అక్షరాలూ రావు. ఇంట్లో ఎవరికీ తెలుగు చదవడం రాదు.

కంసాలికీ రాదు. కాగితం మీద రాసిస్తే బొమ్మలా చూసి చెక్కుతానన్నాడు. నాకు మా నాన్న పలక మీద దిద్దించిన అక్షరాలే దిక్కు. దీర్ఘం ఎక్కడుందో ఆమె చేత మూడుసార్లు పలికించి, విని, రాశాను. రాసింది పైకి చదివి వినిపించాను. ఆమె తల ఊపింది. మళ్లీ చదివాను. "సరిగ్గనే ఉన్నది అన్నా, రాయమను," అంది. అప్పటిదాకా నన్ను సారూ అనేది.

కంసాలి కప్పును తిప్పి తిప్పి చూసి ఒక సలహా ఇచ్చాడు. మూడు వరసల్లోనూ ఉండేది ఒకే పేరు కదా, మొదటి వరసలో పేరు చెక్కి, కింది రెండింటిలో 'పైదే' అన్నట్టు రెండు చుక్కలు పెడితే చాలన్నాడు. సబబైన మాట. రిజిస్టర్లలో మేమూ అలాగే చేస్తాం. అది ఆమెకు చెప్పాను.

ఆమె కప్పును కంసాలి చేతిలోంచి తీసుకుని, ఆ మూడు ఖాళీలనూ చూసి, తిరిగి అతని చేతిలో పెట్టింది.

"మా తాత ఒక్కపాలి దుమికి, రెండుపాలి చుక్కలు పెట్టి వచ్చిండా? మూడుపాలి గెలిచిండు. మూడుపాలి రాయమను."

కంసాలి మూడుసార్లు చెక్కాడు. మొదటిసారి కంటే మూడోసారి అక్షరాలు బాగా కుదిరాయి.